ఒకే మనిషి రక్తం, రెండు ల్యాబులు, రెండు అంకెలు: ప్రపంచమంతటికీ ఒకే కొలత ఎందుకు లేదు?

వెన్నెలదారి:

అందరికీ నమస్కారం. నాన్నగారికి షుగరు, థైరాయిడ్ రెండూ ఉన్నాయి, ఈమధ్యే కిడ్నీ మీద కూడా ఒక కన్నేసి ఉంచమన్నారు డాక్టరు గారు. ఒకే వారంలో రెండు వేర్వేరు ల్యాబుల్లో రక్తం ఇవ్వాల్సి వచ్చింది. రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఇంచుమించు ఒకటే, ఒకచోట 7.0, ఇంకోచోట 7.1. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం ఒకదాంట్లో 1.1, రెండోదాంట్లో 1.3. థైరాయిడ్‌కు చేసే టీఎస్‌హెచ్ అయితే మరీ తేడా, 4.1 ఒకటి, 5.6 ఒకటి. మొదటివాళ్లు నార్మల్ అన్నారు, రెండోవాళ్లు పక్కన పైకి బాణం గుర్తు వేసి ఇచ్చారు. మందు డోసు పెంచాలా వద్దా అన్నది ఈ అంకె చూసే కదా నిర్ణయిస్తారు, అందుకే టెన్షన్‌గా ఉంది.

దీనికి తోడు విదేశంలో ఉండే అక్క తన రిపోర్టు ఫొటో పంపింది. అందులో హెచ్‌బీఏ1సీ 53 అని ఉంది! చూడగానే గుండె ఆగినంత పనయింది, అది వేరే యూనిట్ అని తనే తర్వాత చెప్పింది.

నా ప్రశ్న ఏమిటంటే, కిలో అంటే ప్రపంచంలో ఎక్కడైనా కిలోనే కదా, మరి రక్తంలో ఉన్న పదార్థాన్ని కొలవడానికి అలాంటి ఏర్పాటు లేదా? అంతర్జాతీయంగా ఎవరైనా దీని మీద పనిచేస్తున్నారా? పనిచేస్తుంటే హెచ్‌బీఏ1సీ కలిసి టీఎస్‌హెచ్ ఎందుకు కలవలేదు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, "ఎప్పుడూ ఒకే ల్యాబుకు వెళ్లండి" అన్న మాట డాక్టరు గారు ఇప్పటికే చెప్పారు.


ల్యాబ్‌కోటు:

వెన్నెలదారి గారూ, నేను చాలాకాలంగా బయోకెమిస్ట్రీ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. ముందు మెషీన్ దాకా వెళ్లకముందు జరిగేవి చెప్పి పక్కన పెడతాను. టీఎస్‌హెచ్ రాత్రిపూట పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది, కాబట్టి ఒక శాంపిల్ పొద్దున్నే, ఇంకోటి మధ్యాహ్నం ఇచ్చి ఉంటే ఆ తేడా ఒంట్లోనే ఉంది, ల్యాబుది కాదు. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. గ్లూకోజ్ ట్యూబును వేరుచేయకుండా అలా వదిలేస్తే కణాలు దాన్ని తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. ఇవన్నీ అందరూ చెప్పేవే.

అసలు సంగతి కాలిబ్రేటర్‌లో ఉంది, దాని గురించి బయటివాళ్లకు ఎవరూ చెప్పరు. మెషీన్‌కు మీ నాన్నగారి రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో నేరుగా కనిపించదు. దానికి కనిపించేది ఒక రంగు, లేదా ఒక వెలుగు, అది ఎంత గాఢంగా ఉందీ అన్నంతవరకే. ఆ గాఢతను అంకెగా మార్చేది కాలిబ్రేటర్. మా దగ్గర చాలావాటికి చిన్న సీసాలో ఎండబెట్టిన పొడి వస్తుంది. సరిగ్గా కొలిచిన శుద్ధజలం పోసి, నురగ రాకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పి, పూర్తిగా కరిగేదాకా పక్కన పెడతాం. సీసాతో పాటు ఒక కాగితం వస్తుంది, అందులో ఆ లాట్ నంబరుకు క్రియాటినిన్ ఇంత, కొలెస్ట్రాల్ ఇంత అని వరసగా రాసి ఉంటుంది. ఆ విలువలే మెషీన్‌లోకి వెళ్తాయి, ఆ తర్వాత వచ్చే ప్రతి పేషెంటు రిపోర్టూ ఆ కాగితం మీది అంకెకు కట్టుబడి ఉంటుంది. మేము ఎంత జాగ్రత్తగా చేసినా ఆ అంకె ఒక కంపెనీది ఒకలా, ఇంకో కంపెనీది ఇంకోలా ఉంటే ఫలితాలు కలవవు. కాబట్టి మీ ప్రశ్నను ఇలా అడగాలి: కాగితం మీద ఆ అంకె రాసినవాళ్లకు అది ఎక్కడి నుంచి వచ్చింది?


కొలతలబాట:

ల్యాబ్‌కోటు గారు సరైన చోట ఆపారు, అక్కడి నుంచి నేను అందుకుంటాను. నేను రిఫరెన్స్ పదార్థాల మీద పనిచేసే విభాగంలో ఉన్నాను, ఈ విషయం అంటే నాకు ప్రాణం, కాబట్టి కాస్త పొడుగవుతుంది.

ల్యాబులు కలవడం లేదన్న సంగతి కొత్తది కాదు. 1947లో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఆసుపత్రి ల్యాబులకు ఒకే రకం శాంపిల్స్ పంపి ఫలితాలు తెప్పించుకుంటే, మామూలు పరీక్షల్లో కూడా అంకెలు చెల్లాచెదురుగా వచ్చాయి. బయటి నుంచి శాంపిల్ పంపి ల్యాబును పరీక్షించే పద్ధతి ఊపందుకున్నది అప్పటినుంచే. కానీ పరీక్ష పెడితే తేడా ఉందని తెలుస్తుందే తప్ప ఎవరిది సరైన అంకె అన్నది తెలియదు. దానికి పైన ఇంకేదో ఉండాలి.

ఆ పైనున్నదే మీరు అడిగిన ఏర్పాటు. ఒక గొలుసులా ఊహించుకోండి. అన్నిటికన్నా పైన అత్యంత శుద్ధమైన పదార్థం, ఉదాహరణకు అమెరికా కొలతల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ తయారుచేసే శుద్ధ కొలెస్ట్రాల్. దాని కింద రిఫరెన్స్ పద్ధతి, అంటే ఖరీదైనది, నిదానమైనది, కానీ నమ్మదగినది. దాని కింద కంపెనీ తన దగ్గర దాచుకునే మాస్టర్ కాలిబ్రేటర్, దాని కింద ల్యాబుకు వచ్చే సీసా, అట్టడుగున మీ నాన్నగారి రిపోర్టు. అట్టడుగు అంకె నుంచి పైదాకా ఎక్కడా తెగకుండా వెళ్లగలిగితే ఏ దేశంలో, ఏ మెషీన్ మీద చేసినా ఫలితం ఒకటే రావాలి. ఈ గొలుసు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం ఐఎస్‌ఓ 17511, 2003లో వచ్చింది, 2020లో సవరించారు. 1998 నాటి యూరప్ డైరెక్టివ్ కాలిబ్రేటర్ విలువలు ఇలా పైదాకా ముడిపడి ఉండాలని కంపెనీల మీద చట్టబద్ధంగా పెట్టింది. మరి ఏ పదార్థం, ఏ పద్ధతి పైన ఉండదగ్గది అని ఎవరు తేల్చాలి? దానికోసం 2002లో జేసీటీఎల్‌ఎమ్ అనే ఉమ్మడి సంఘం పెట్టారు. పారిస్ పక్కన సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు, కొలతల బ్యూరో, అంటే మీరన్న కిలోను చూసుకునే సంస్థే, క్లినికల్ కెమిస్ట్రీ సంఘాల సమాఖ్య ఐఎఫ్‌సీసీ, ల్యాబులకు గుర్తింపునిచ్చే సంస్థల వేదిక ఐఎల్‌ఏసీ, ఈ మూడూ కలిసి దాన్ని పెట్టాయి. ఆమోదం పొందిన పదార్థాలు, పద్ధతులు, రిఫరెన్స్ ల్యాబుల జాబితాను వాళ్లు నిర్వహిస్తారు, ఎవరైనా చూడొచ్చు.

ఇప్పుడు మీ 7.0, 7.1 సంగతి. ఆ రెండూ కలిశాయంటే దాని వెనక దశాబ్దాల శ్రమ ఉంది. 1993లో డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. టైప్ 1 డయాబెటిస్ ఉన్న 1,441 మందిని ఏళ్ల తరబడి గమనించి, షుగరును గట్టిగా అదుపులో పెడితే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని తేల్చారు. ఆ అధ్యయనంలో హెచ్‌బీఏ1సీ కొలిచింది ఒకే పద్ధతితో. కానీ బయటి ల్యాబుల్లో రకరకాల పద్ధతులు, కొందరు హెచ్‌బీఏ1సీ ఇచ్చేవాళ్లు, కొందరు మొత్తం గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్ ఇచ్చేవాళ్లు. డాక్టరు "7 లోపు ఉంచండి" అంటే ఎవరి 7? అందుకే 1996లో ఎన్‌జీఎస్‌పీ కార్యక్రమం మొదలుపెట్టి కంపెనీల పద్ధతులన్నిటినీ డీసీసీటీ అంకెలకు సరిపడేలా సర్దించారు. జపాన్‌కు, స్వీడన్‌కు తమ సొంత కొలమానాలు ఉండేవి. జపాన్ అంకె 0.4 తక్కువ వచ్చేది, స్వీడన్‌ది ఇంచుమించు ఒక శాతం తక్కువ.

ఐఎఫ్‌సీసీ ఇంకా లోతుకు వెళ్లింది. అసలు మనం కొలుస్తున్న అణువు ఏదో ముందు కచ్చితంగా నిర్వచించాలి అన్నారు. హిమోగ్లోబిన్ బీటా గొలుసు చివర గ్లూకోజ్ అంటుకుని ఉన్న భాగమే హెచ్‌బీఏ1సీ. ఆ చివరి ఆరు అమైనో ఆమ్లాల ముక్కను ఎంజైమ్‌తో కత్తిరించి, గ్లూకోజ్ అంటిన ముక్కలెన్ని, అంటనివెన్ని అని మాస్ స్పెక్ట్రోమెట్రీతోనో కేపిలరీ ఎలక్ట్రోఫోరిసిస్‌తోనో లెక్కపెట్టే పద్ధతి తెచ్చారు. దాన్ని సభ్య దేశాల సంఘాలు ఆమోదించాయి, 2002లో ప్రచురించారు. ఇలా కొలిస్తే పాత పద్ధతుల్లో కలిసిపోయిన ఇతర పదార్థాలు పక్కకు పోతాయి కాబట్టి అంకె ఒకటిన్నర, రెండు శాతం తక్కువ వచ్చింది. ఇక్కడే పెద్ద చిక్కు. 7 అని అలవాటుపడ్డ పేషెంటుకు ఉన్నట్టుండి 5 పైచిలుకు అని చూపిస్తే మందు మానేస్తాడు. అందుకని కొత్త కొలతను శాతాల్లో కాకుండా మోల్‌కు మిల్లీమోల్ అనే యూనిట్‌లో ఇవ్వాలని 2007లో డయాబెటిస్ సంఘాలు, ఐఎఫ్‌సీసీ కలిసి ఒప్పుకున్నాయి. మీ అక్క 53 అదే. 0.0915తో హెచ్చించి 2.15 కలపండి, 7.0 వస్తుంది. అంటే మీ నాన్నగారిదీ మీ అక్కదీ ఇంచుమించు ఒకే విలువ! బ్రిటన్‌లో 2011 నుంచి ఈ యూనిట్ మాత్రమే ఇస్తున్నారు, అమెరికా శాతంలోనే ఉండిపోయింది, జపాన్ 2012లో తన సొంత అంకెలు వదిలి ఎన్‌జీఎస్‌పీ శాతానికి మారింది. డయాబెటిస్ ఉందో లేదో 6.5 చూసి నిర్ధారించవచ్చని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పగలిగిందంటే ఈ పని జరిగినందువల్లే. కొలత నిలకడగా లేనిదే అలాంటి గీత గీయడం కుదరదు.

క్రియాటినిన్ గురించి రెండు ముక్కలు. చాలా ల్యాబులు ఇప్పటికీ 1886 నాటి జాఫే రసాయనంతోనే కొలుస్తాయి, పిక్రిక్ ఆమ్లంతో నారింజ రంగు వచ్చేది. దానితో ప్రొటీన్లు, కీటోన్‌లు, గ్లూకోజ్ కూడా రంగునిస్తాయి, కాబట్టి కాస్త ఎక్కువ చూపించొచ్చు. ఎంజైమ్ పద్ధతి మెరుగు. పై రిఫరెన్స్ పద్ధతిలో బరువైన ఐసోటోప్ ఉన్న క్రియాటినిన్‌ను తెలిసిన మోతాదులో సీరంలో కలిపి, మామూలుది ఎంత, బరువైనది ఎంత అనే నిష్పత్తి చూస్తారు. మధ్యలో ఎంత పోయినా రెండూ సమానంగా పోతాయి, నిష్పత్తి చెడదు. చాలా అందమైన పద్ధతి. కంపెనీలన్నీ కాలిబ్రేషన్‌ను దీనికి ముడిపెట్టాక, కిడ్నీ పనితీరు లెక్కకట్టే ఎండీఆర్‌డీ సూత్రంలో 186 ఉన్నచోట 175 పెట్టాల్సి వచ్చింది. అయినా కాలిబ్రేటర్ సరిగ్గా ఉన్నంత మాత్రాన జాఫేలో అడ్డొచ్చే పదార్థాలు పోవు, మీ 1.1, 1.3లో కొంత అక్కడిది అయి ఉండొచ్చు.


ప్రశ్నలపుట్ట:

ఇంత స్పష్టంగా గొలుసు ఉన్నప్పుడు టీఎస్‌హెచ్‌కు కూడా అదే పని చేయమని కంపెనీలను చట్టంతో కట్టడి చేస్తే సరిపోతుంది కదా? నాకు ఇది కంపెనీలు తమ మెషీన్‌కే కస్టమర్‌ను కట్టేసుకునే ఎత్తుగడలా అనిపిస్తోంది. పేషెంటు ఎందుకు నష్టపోవాలి?


కొలతలబాట:

కోపం అర్థమయింది, కానీ టీఎస్‌హెచ్ విషయంలో చట్టం పెట్టినా ముడివేయడానికి పైన సరైన కొక్కెం లేదు. క్రియాటినిన్ చిన్న అణువు, ఎక్కడైనా ఒకటే. టీఎస్‌హెచ్ చక్కెర గొలుసులు అతుక్కున్న ప్రొటీన్, ఆ గొలుసులు ఒక్కో అణువుకు ఒక్కోలా ఉంటాయి, అంటే రక్తంలో తిరిగేది ఒకే పదార్థం కాదు, ఒక కుటుంబం. దాన్ని పట్టుకునే యాంటీబాడీలు కంపెనీకొకటి, ఒకటి ఒక సభ్యుణ్ణి బాగా పట్టుకుంటే ఇంకోటి ఇంకో సభ్యుణ్ణి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణ పదార్థం ఉంది, కానీ అది పిట్యుటరీ గ్రంథి నుంచి తీసినది, రక్తంలో తిరిగేదానికీ దానికీ ఆ చక్కెర గొలుసుల్లో తేడా ఉంది.

ఇంకో చిక్కు ఎండబెట్టిన, శుద్ధి చేసిన ప్రమాణ పదార్థం మెషీన్‌లో పేషెంటు తాజా రక్తంలాగే ప్రవర్తిస్తుందన్న హామీ లేకపోవడం. ప్రవర్తించకపోతే అన్ని కంపెనీలూ బుద్ధిగా ఒకే ప్రమాణానికి సర్దుకున్నా పేషెంటు ఫలితాలు మాత్రం ఎవరివి వాళ్లవే. కొన్నిసార్లు తేడా పెరుగుతుంది కూడా. గత ముప్పై ఏళ్లలో ఈ రంగం నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే అని నా అభిప్రాయం.

అందుకే ఐఎఫ్‌సీసీ థైరాయిడ్ కమిటీ వేరే దారి పట్టింది. అసలైన పేషెంట్ల సీరం పెద్ద సంఖ్యలో సేకరించి, అన్ని కంపెనీల మెషీన్ల మీదా నడిపి, ఆ ఫలితాలన్నిటి మధ్య విలువను లక్ష్యంగా తీసుకుని అందరూ దానికి సర్దుకోవాలి. ఇలాంటి పనికి కూడా 2020లో ఐఎస్‌ఓ 21151 అనే ప్రమాణం వచ్చింది. థైరాయిడ్ గ్రంథి విడుదల చేసే ఫ్రీ టీ4 హార్మోన్‌కు మాత్రం నిజమైన రిఫరెన్స్ పద్ధతి ఉంది. కంపెనీలు జంకడానికి న్యాయమైన కారణం ఒకటుంది. రేపు పొద్దున అంకెలు మారితే డాక్టర్లకు, ల్యాబులకు, సాఫ్ట్‌వేర్‌లకు, పేషెంట్లకు అందరికీ ఒకేసారి చెప్పాలి, నార్మల్ రేంజ్‌లు మార్చాలి, ప్రతి దేశంలో మళ్లీ అనుమతులు తీసుకోవాలి. ఏదో ఒక కంపెనీ ముందుకు దూకితే దాన్ని వాడే ఆసుపత్రుల్లో గందరగోళం. అందరూ ఒకే తేదీన కదలాలి, ఆ తేదీ పెట్టించడమే కష్టం. అయినా మీరన్నది నేను కొట్టిపారేయను, ఆలస్యం మరీ ఎక్కువయింది.

గుండెపోటు అనుమానం వస్తే చేసే 'ట్రోపోనిన్ ఐ' పరీక్షదీ ఇదే బాధ, ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చకూడదు. ప్రోస్టేట్‌కు చేసే పీఎస్‌ఏలో హైబ్రిటెక్ అనే కంపెనీ పాత కాలిబ్రేషన్‌తో వచ్చే అంకెకూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంతో వచ్చే అంకెకూ 20 శాతం పైన తేడా ఉంటుంది, 4 అనే గీత దగ్గర ఉన్నవాళ్లకు బయాప్సీ చేయాలా వద్దా అన్నది ఆ తేడాలో పడిపోతుంది.


అలలమీద:

నేను పేషెంటు తరపు నుంచి ఒకటి చెప్పాలి. మా అమ్మకు గుండెలో మెటల్ వాల్వ్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వేసుకుంటుంది, ఉద్యోగాల వల్ల మేం దేశాలు మారుతూ ఉంటాం. ఎక్కడ చేయించినా ఐఎన్‌ఆర్ చూసి డోసు సర్దగలుగుతున్నాం. ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే అంతకు ముందు ఎలా ఉండేదో చూడాలి. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని సెకన్లలో చెప్పేవారు. గడ్డకట్టించడానికి వాడే త్రాంబోప్లాస్టిన్ అనే పదార్థం కుందేలుదైతే ఒకలా, మనిషిదైతే ఒకలా, ఒక్కో బ్రాండుది ఒక్కోలా స్పందించేది. నార్మల్ 12 సెకన్లు అనుకుందాం. చురుకైన రియేజెంట్‌తో, అంటే అలాంటి త్రాంబోప్లాస్టిన్‌తో, మందు వేసుకున్న మనిషికి 24 సెకన్లు వస్తే, మొద్దు రియేజెంట్‌తో అదే రక్తానికి 17 సెకన్లే రావచ్చు. 17 చూసిన డాక్టరు మందు చాల్లేదనుకుని డోసు పెంచేస్తాడు, పేషెంటుకు రక్తస్రావం. మొద్దు రియేజెంట్లు వాడిన చోట్ల పేషెంట్లు అవసరానికి మించి మందు వేసుకున్నారని తర్వాత గుర్తించారు.

1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిందేమిటంటే, ప్రతి రియేజెంటునూ అంతర్జాతీయ ప్రమాణంతో పోల్చి దానికి ఐఎస్‌ఐ అనే సూచిక ఇవ్వమంది. పేషెంటు సమయాన్ని నార్మల్ సమయంతో భాగించి, వచ్చినదాన్ని ఆ సూచిక ఘాతానికి ఎక్కిస్తే ఐఎన్‌ఆర్. పైన చెప్పిన 24ను 12తో భాగిస్తే 2, సూచిక 1 అనుకుంటే ఐఎన్‌ఆర్ 2. రెండోదానికి 17ను 12తో భాగిస్తే 1.42, సూచిక 2 అనుకుంటే దాని వర్గం, అదీ 2. రియేజెంట్లు మార్చలేదు, మెషీన్లు మార్చలేదు, అయినా అంకె కలిసింది. దీన్ని తయారుచేసినవాళ్లకు మా ఇంట్లో అందరం రుణపడి ఉన్నాం.


వెన్నెలదారి:

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ చేతులెత్తి దండం. మీరు చెప్పాక రెండు ల్యాబులకూ ఫోన్ చేసి పద్ధతి అడిగాను. క్రియాటినిన్ మొదటివాళ్లది ఎంజైమ్ పద్ధతి, రెండోవాళ్లది జాఫే. టీఎస్‌హెచ్‌కు ఇద్దరి మెషీన్లూ వేర్వేరు కంపెనీలవి. ఒకరు పద్ధతి పేరు వెంటనే చెప్పారు, ఇంకొకరు మూడు చేతులు మారాక చెప్పారు, అసలు రిపోర్టులోనే ఎందుకు వేయరో అర్థం కాదు. నాన్నగారు జుట్టు ఊడుతోందని ఏదో బయోటిన్ బిళ్ల కూడా వేసుకుంటున్నారని ఇప్పుడే తెలిసింది, దానికీ దీనికీ సంబంధం ఉంటుందా? ఇక ముందు వేటిని ధైర్యంగా పోల్చుకోవచ్చు, వేటిని పోల్చకూడదు?


ల్యాబ్‌కోటు:

సంబంధం ఉంది, అడగడం మంచిదయింది. చాలా కంపెనీల హార్మోన్ టెస్టులు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే జంట అతుక్కోవడం మీద నడుస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే ఆ అతుకు చెడిపోయి టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అన్ని మెషీన్లూ ఆ జంటను వాడవు కాబట్టి ఒక ల్యాబులో పడి ఇంకో ల్యాబులో పడకపోవచ్చు. మీ 4.1 వచ్చిన మెషీన్ ఆ రకమా అని అడగండి. బిళ్ల మోతాదు ఎంతో డాక్టరుకు చెప్పండి, ఈసారి శాంపిల్‌కు ముందు కనీసం 2 రోజులు ఆపమనే అంటారు.

పోల్చే సంగతికి వస్తే హెచ్‌బీఏ1సీ, మొత్తం కొలెస్ట్రాల్, ఐఎన్‌ఆర్ మంచి ల్యాబుల మధ్య పోల్చుకోవచ్చు, యూనిట్ మాత్రం చూసుకోండి. అయితే రక్తహీనత, హిమోగ్లోబిన్ రకంలో తేడా ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ నమ్మకంగా రాదు, అది ప్రమాణాల లోపం కాదు, ఒంట్లోని కణాల సంగతి. క్రియాటినిన్ ఎంజైమ్ పద్ధతి ఉన్నచోటే చేయించడం మంచిది, విదేశీ రిపోర్టులో మైక్రోమోల్‌లలో ఉంటే 88.4తో భాగించండి. టీఎస్‌హెచ్, ట్రోపోనిన్, పీఎస్‌ఏ, ట్యూమర్ మార్కర్లు ల్యాబు మారితే పోల్చవద్దు, ఆ ల్యాబు ఇచ్చిన రేంజ్‌తోనే చూడాలి. టీఎస్‌హెచ్ ఒకే మనిషిలో కూడా సుమారు 20 శాతం అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి ఒక్క అంకె చూసి డోసు మార్చమని డాక్టరును తొందరపెట్టకండి. ఫ్రీ టీ4 కూడా కలిపి, పొద్దున పూట, ఒకే ల్యాబులో మళ్లీ చేయించి, ఆ రిపోర్టుతో పాటు బయోటిన్ బిళ్ల సీసా కూడా చేతిలో పట్టుకుని వెళ్లండి.